సావు ఇంట్లో ఆదరణ మాట

చెల్లె: అన్నా, సూటిగా అడుగుతున్నా. కొడుకు శవం ఇంకా గడప దాటకముందే ఆ తల్లితో "దేవుని చిత్తం అమ్మా, ఏడవకు" అనడం మనకు ఎవరు నేర్పారు? ఆశా వర్కర్‌ని కదా, ఈ కొంగరకలాన్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ సావు జరిగిన ఇళ్లకు పోతూనే ఉంటాను. మందిరంలో నీ వెనక వరుసలో కూర్చునేదాన్నే, బయటి మనిషిని కాను. అయినా చెబుతున్నా. మనవాళ్లు బైబిలు పట్టుకుని లోపలికి వస్తుంటే కొన్ని ఇళ్లలో ఆడవాళ్లు ఏడుపు దిగమింగుకుని కొంగు సర్దుకుంటారు. "విశ్వాసం లేనివాళ్లలా ఏడుస్తావా" అంటారేమోనని భయం. ఆదరించడానికి వచ్చినవాళ్లను చూసి భయపడితే అది ఆదరణ ఎలా అవుతుంది?

అన్న: ఆ మాట తొందరపడి అనేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ కొందరు తప్పుగా చెబుతున్నారని అసలు చెప్పడమే మానుకుందామా? సావు ఇంట్లో మనం నోరు మూసుకున్నంత మాత్రాన మాటలు ఆగవు చెల్లె. వేరే మాటలు వచ్చి కూర్చుంటాయి. "కోడలు అడుగు పెట్టిన వేళ మంచిది కాదు" అంటారు. "ఎవరో చేయించారు" అంటారు. "ఏ జన్మలో చేసుకున్న పాపమో" అంటారు. దినాల నాడు గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచి, ఆ పిల్లను ఒక మూలకు నెడతారు. ఆ రోజు నుంచి ఎవరి శుభకార్యానికీ ఎదురు రాకూడని మనిషి అయిపోతుంది. "ఇందులో నీ తప్పు లేదు, దేవుడు నిన్ను విడిచిపెట్టలేదు, పోయినవాణ్ణి మళ్లీ చూస్తావు" అని నలుగురి ముందు గట్టిగా చెప్పే గొంతు ఒకటి అక్కడ ఉండాలి. సంఘ పెద్దగా నేను సమాధుల దగ్గర నిలబడేది అందుకే. ఆ గొంతు తగ్గించుకోమంటే ఒప్పుకోను.

చెల్లె: ఆ పిల్ల తరఫున నువ్వు గొంతెత్తితే నీ పక్కన నేనూ నిలబడతాను. కాకపోతే మన విశ్వాసుల ఇళ్లలోనూ భర్త పోయినామెకు తెల్లచీర కట్టించి వెనక కూర్చోబెట్టేవాళ్లు ఉన్నారు. నీ గొంతు ముందు అక్కడ లేవాలి. ఇక నేనడిగేది ఏడుపు సంగతి. మన పల్లెల్లో ఆడవాళ్లు శోకాలు పెట్టి ఏడుస్తారు. వాడు చిన్నప్పుడు ఏం తిన్నాడు, ఏ చేను గట్టున పడుకున్నాడు, ఎవరి మీద అలిగాడు, ఏ పండుగకు ఏ అంగీ అడిగాడు, అన్నీ రాగం తీసి వాడికే చెబుతారు. వాడి బతుకంతా ఆ శోకంలో ఉంటుంది. ఆ పూట వాడి గురించి మాట్లాడేది ఆ తల్లి ఒక్కతే. మనం పోయి మైకు పెట్టి పాట అందుకుంటాం. ఆమె గొంతు ఆ సౌండు కింద పడిపోతుంది. పిల్లలను పోగొట్టుకున్న రాహేలు ఓదార్పు వద్దందని యిర్మీయా రాశాడు, మత్తయి మళ్లీ రాశాడు. యోసేపు పోయాడనుకున్న యాకోబును కొడుకులు, కూతుళ్లు అందరూ వచ్చి ఓదార్చబోతే వద్దన్నాడు. వాళ్లను విశ్వాసం లేనివాళ్లని లేఖనం అననే లేదు. మనం అంటున్నాం.

అన్న: శోకం మీద మైకు పెట్టడం తప్పే. ఒప్పుకుంటున్నా. ఆ తల్లి గొంతు ఆగేదాకా పాట ఎత్తకూడదు. కానీ నువ్వు ఏడుపును ఒక పక్కన, మాటను ఇంకో పక్కన పెడుతున్నావు. బేతనియలో లాజరు చనిపోయినప్పుడు ప్రభువు ఏం చేశాడో చూడు. అక్కచెల్లెళ్లు ఇద్దరూ ఆయనతో అన్నది ఒకే మాట: నువ్వు ఇక్కడ ఉండి ఉంటే మా సహోదరుడు చచ్చేవాడు కాదని. అదే మాటకు మార్తతో పునరుత్థానం గురించి మాట్లాడాడు. మరియ అన్నప్పుడు మాత్రం కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఒకే ఇల్లు, ఒకే సావు, ఒకే ఫిర్యాదు. ఒకామెకు మాట, ఇంకొకామెకు కన్నీళ్లు. ఆయన ఏడ్చాడు కాబట్టి మనం మాట్లాడొద్దంటే మార్త వాటాకు వచ్చింది తీసేసినట్టే.

చెల్లె: మంచిచోట పట్టుకున్నావు. అయితే మార్త తానే ఊరి బయటికి ఎదురెళ్లి ఆయనతో మాట కలిపింది. మరియ మొదట ఇంట్లోనే ఉండిపోయింది. ఎవరికి ఏం కావాలో చూసి ఇచ్చాడాయన. మనం మార్తకూ మరియకూ ఒకే వాక్యం చదివి, ఒకే ప్రార్థన చేసి, టీ తాగి లేచి వస్తున్నాం. ఇంకొకటి చూడు. ఆలస్యంగా వచ్చినందుకు ఆ ఇద్దరూ ఆయన్ని నిలదీశారు. ఆయన పడ్డాడు. ఈరోజు ఒక తల్లి "నా కొడుకే దొరికిండా నీ దేవునికి" అంటే మనవాళ్లు వెంటనే "అట్ల అనొద్దమ్మా, పాపం" అంటారు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద కూర్చుని ఒక్క మాటా అనలేదు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచి దేవుణ్ణి వెనకేసుకొచ్చిన తర్వాతే దేవుడి కోపానికి గురయ్యారు.

అన్న: యోబు కథ స్నేహితుల మౌనంతో ముగిసిపోలేదు కదమ్మా. చివరకు దేవుడే మాట్లాడాడు, అప్పుడే యోబు గుండె కుదుటపడింది. మాట కావాలి. పైగా మనవాళ్లకు ఆ మాట ఊరికే రాలేదు. మన తాతలు ఊళ్లో ఎవరు చచ్చినా డప్పు కొట్టారు, కట్టెలు మోశారు, గుంత తవ్వారు. వాళ్ల ఇంట్లో సావైతే ఊరి అయ్యగారు ఆ గడప తొక్కింది లేదు. మందిరం వచ్చాక మొదటిసారి చదువుకున్న మనిషి ఒకడు తెల్ల అంగీ వేసుకుని వాడకు వచ్చి, కూలివాడి సమాధి దగ్గర నిలబడి, పేరు పెట్టి పిలిచి, ఇతను దేవుని బిడ్డ అని చదివాడు. గొప్పవాడి సమాధి దగ్గర చదివే క్రమమూ అదే. ఒక్క అక్షరం తేడా లేదు. ఆ మాటలు విన్నవాళ్లకు వాటి విలువ తెలుసు. ఇప్పుడు మనం మౌనం మేలంటే, వాళ్లు కష్టపడి దక్కించుకున్నదాన్ని వదిలేసినట్టు కాదా?

చెల్లె: ఆ మర్యాద నిజం, దాని విలువా నిజం. కానీ అంతకుముందు మనవాళ్లకు మాటే లేదన్నట్టు చెప్పకు. మాల దాసరులు, మాల జంగాలు ఉండేవాళ్లు. శంఖం ఊది, గంట కొట్టి, తత్వాలు పాడి సాగనంపారు. ఊరు పట్టించుకోకపోయినా వాడ తన మనిషిని మాట లేకుండా పంపలేదు. ఇక మెదక్ సంగతి నువ్వే చెబుతుంటావు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చి కట్టడం, కరువులో జనానికి పనీ తిండీ దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర పెట్టిన పని అని. అంటే ఆకలి తీర్చే పని ముందు మొదలైంది, ప్రసంగాలకు గోడలు ఆ తర్వాత లేచాయి. సావు ఇంట్లోనూ ఆ వరుసే ఉండాలంటున్నా. పొయ్యి వెలగని ఇంటికి ముందు అన్నం గిన్నె పోవాలి. వాడు తీసుకున్న బండి కిస్తీ కోసం ఫైనాన్సువాళ్లు చేసే ఫోన్ ఎవరో ఒకరు ఎత్తాలి. పంచాయతీలో మరణ ధ్రువపత్రం తేవాలి. ఇవన్నీ అయ్యాక బైబిలు తెరుద్దాం.

అన్న: అన్నం గిన్నె ముందు పోవాలన్నదాంట్లో నాకు గొడవే లేదు. కానీ అన్నం, కాగితాలు అన్నీ అయ్యాక కూడా మిగిలేది ఒకటుంటుంది. దాని సంగతేంటి?

చెల్లె: దానికి ముందు ఇంకో సంగతి ఉంది. "దేవుని చిత్తం" అన్నమాట ఎంత ప్రమాదమో మన ఇబ్రహీంపట్నంలోనే చూశాం. 2022 ఆగస్టు 25న ఇక్కడ మన కొంగరకలాన్‌లో కొత్త కలెక్టరేట్‌ను అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించారు. అదే రోజు ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానాలో శిబిరం పెట్టి 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ వారం తిరక్కముందే అందులో నలుగురు చనిపోయారు. పసిపిల్లల తల్లులు. ప్రభుత్వమే విచారణకు ఆదేశించింది, పరిహారం ప్రకటించింది. ఆ ఇళ్లలో ఎవరైనా "ఆయన చిత్తం, ప్రశ్నించకూడదు" అంటే ఏమవుతుంది? ఎక్కడ శుభ్రత తప్పింది, ఎవరు చూడాల్సింది చూడలేదు అని అడిగే నోరు మూతపడుతుంది. మనుషులు చేసింది దేవుడి ఖాతాలో రాసినట్టవుతుంది. అది ఆదరణా కాదు, దేవుడికి మర్యాదా కాదు.

అన్న: ఇందులో నీతో ఒక్క మాట కూడా వాదించను. మనిషి నిర్లక్ష్యాన్ని దేవుని చిత్తమనడం దేవుడి మీద అబద్ధ సాక్ష్యం పలకడమే. మందిరంలో పెద్దగా ఉండి నేనే చెబుతున్నా, ఆ మాట సావు ఇళ్లలో ఆగిపోవాలి. కానీ ఆ నాలుగు ఇళ్ల గురించే ఆలోచించు. విచారణ నివేదిక వస్తుంది, బాధ్యుల మీద చర్య తీసుకుంటారు, చెక్కు ఇస్తారు. అంతా సక్రమంగా జరిగినా ఆ పిల్లలకు తల్లి రాదు. న్యాయం చేయగలిగింది అక్కడితో ఆగుతుంది. ఆమె మళ్లీ లేస్తుందా, ఆ పిల్లలు ఆమెను మళ్లీ చూస్తారా అన్న ప్రశ్నకు ఏ కలెక్టరేటూ జవాబు రాయలేదు. నా దగ్గర జవాబు ఉందని నేను నమ్ముతున్నా. నమ్మి కూడా చెప్పకుండా కూర్చుంటే, నోట్లో నీళ్లు పోయకుండా దప్పిగొన్నవాడి పక్కన కూర్చుని చేయి నిమిరినట్టుంటుంది.

చెల్లె: నీ నమ్మకాన్ని తప్పు పట్టను, నాదీ అదే నమ్మకం. కానీ దాన్ని ఏ గొంతుతో చెబుతామన్నది చూడాలి. లూయిస్ గారని ఇంగ్లండులో పెద్ద క్రైస్తవ రచయిత. 1940లోనే బాధ ఎందుకుందో వివరిస్తూ పుస్తకం రాశాడు. 1960లో భార్య క్యాన్సరుతో చనిపోయింది. అప్పుడు తన దుఃఖాన్ని, దేవుడి మీద కోపాన్ని దాచకుండా రాసి, తన పేరు పెట్టకుండా 1961లో అచ్చువేశాడు. ఇరవై ఏళ్ల కింద అందరికీ సమాధానం చెప్పినవాడు తన ఇంట్లోకి సావు వచ్చాక వేరే గొంతుతో మాట్లాడాల్సి వచ్చింది. మన సావు ఇళ్లలో వినపడే ప్రసంగాలన్నీ ఆ మొదటి పుస్తకం లాంటివే. రెండో పుస్తకం మన మందిరాల్లో ఎవరు వినిపిస్తున్నారు?

అన్న: కోపాన్ని దాచకుండా రాసినవాడు విశ్వాసం మాత్రం వదల్లేదు కదా. దుఃఖంలో దొర్లిన మనిషి కూడా తిరిగి చేరుకోవడానికి ఒక మాట ఉండాలి. అయినా నువ్వు చెప్పింది తీసుకుంటున్నా. పిల్లను పాతిపెట్టిన తండ్రి వచ్చి చెప్పే మాటకూ, నిన్నగాక మొన్న ట్రైనింగు అయ్యి వచ్చిన కుర్ర పాస్టరు చెప్పే మాటకూ తేడా ఉంటుంది. ఆదరణ పొందినవాడే ఆదరించగలడని పౌలు కొరింథువాళ్లకు రాసింది కూడా అదే అర్థంలో. కానీ ఒక్కటి అడుగుతా. నువ్వు చెప్పే మౌనం ఎవరి మధ్య పనిచేస్తుంది? ఒకప్పటి కొంగరకలాన్‌లో పని చేసేది. పక్కింటి ముసలమ్మ వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంటే చాలు, మాట అక్కరలేదు. ఆమె ఎవరో తెలుసు, ఎందుకు వచ్చిందో తెలుసు. ఇప్పుడు ఊరు అట్లా ఉందా? ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, కలెక్టరేట్ వచ్చింది, 2023 మే 15న ఫాక్స్‌కాన్‌కు శంకుస్థాపన అయింది. పొలాలు ప్లాట్లయ్యాయి. అద్దె గదుల్లో ఎక్కడెక్కడి పిల్లలో ఉంటున్నారు. ఆ గదుల్లో ఒక పిల్లకు ఊళ్లో నాన్న పోయాడని ఫోన్ వస్తే, ముక్కూ మొహం తెలియని నేను పోయి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే ఆ పిల్ల భయపడుతుంది. తెలిసినవాళ్ల మౌనం తోడు. తెలియనివాళ్ల మౌనం బరువు. కొత్త ఊరికి మాట ఎక్కువ కావాలి, తక్కువ కాదు.

చెల్లె: ఇది నేను ఆలోచించని కోణం. మౌనానికి పాత పరిచయం కావాలన్నది నిజమే. కానీ అదే గదిలో ఆ పిల్ల ఏ దేవుణ్ణి నమ్ముతుందో నీకు తెలియదు. మొదటి మాటలోనే యేసయ్యను తెస్తే, ఆమెకు వినపడేది ఆదరణ కాదు, ఆహ్వానం. సావు సందు చూసుకుని మతంలోకి లాగుతున్నారన్న నింద మన మీద ఊరికే పడలేదు. సమాధి దగ్గరే "ఈరోజే నిర్ణయం తీసుకోండి, రేపు మీ వంతు కావచ్చు" అనే ప్రసంగాలు నువ్వూ విన్నావు, నేనూ విన్నా. ఏడుస్తున్న మనిషి లేచి పోలేడు కాబట్టి వింటాడు. మన ఇళ్లలోనే ఇంకో చిక్కు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో అయితే బీసీ-సీలోకి పోతాడు. తండ్రి మందిరానికి వచ్చాడు, కొడుకు ఎస్సీ సర్టిఫికెట్ మీద ఉద్యోగం చూసుకుంటున్నాడు. ఆ ఇంటి ముందు షామియానా వేసి, సిలువ గుర్తుతో 'మహిమ ప్రవేశం' అని ఫ్లెక్సీ కట్టించి, మైకులో ఆదరణ కూడిక పెడితే ఆ పిల్లాడు దుఃఖంతో పాటు భయం కూడా మోయాలి. ఆ బహిరంగం ఎవరి కోసం? పోయినవాడి కోసమా, సంఘం పేరు కోసమా?

అన్న: ఫ్లెక్సీ సంఘం పేరు కోసమైతే దించేయాల్సిందే. సమాధి దగ్గర నిర్ణయాలు అడగడం నాకూ నచ్చదు. దుఃఖంలో ఉన్నవాడి ఒప్పుకోలు ఒప్పుకోలే కాదు. కానీ దాచుకోవడానికి కూడా ఒక హద్దుంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఒక పాస్టరు 2025 జనవరి 7న చనిపోతే, సొంత ఊళ్లో పూడ్చనివ్వలేదు. శవం మార్చురీలోనే ఉండిపోయింది. కొడుకు సుప్రీంకోర్టుదాకా పోయాడు. 27న ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చి, చివరకు వేరేచోట క్రైస్తవుల శ్మశానంలో పూడ్చమన్నారు. ఆ కొడుకు దగ్గరికి పోయి 'గుట్టుగా ఉండు' అంటే అది ఆదరణా? నలుగురిలో తల ఎత్తుకుని తండ్రిని సాగనంపడం కూడా ఆదరణలో భాగమే. బహిరంగం కొన్నిసార్లు సంఘానికి గొప్ప కోసం, కొన్నిసార్లు మనిషికి మర్యాద కోసం. రెండో దాన్ని మొదటిదానితో కలిపి పారేయకు.

చెల్లె: కలపను. నువ్వు చెప్పే మాట అవసరమైన చోటు నేను స్వయంగా చూశాను కూడా. రోడ్డు మీద లారీ కింద పడి పోయిన పిల్లవాడి తల్లి పక్కన కూర్చున్నా. మాట్లాడలేదు, చేయి పట్టుకున్నా. పరామర్శకు వచ్చినవాళ్లంతా పోయాక ఆమె నా వైపు తిరిగి, "ఇప్పుడు యాడున్నడు చెల్లె నా కొడుకు?" అంది. కాసేపాగి మళ్లీ అదే అడిగింది. ఆ ప్రశ్నకు చేయి నిమరడం జవాబు కాదు. అడిగినప్పుడు చెప్పకపోవడం మర్యాద అనిపించుకోదు, పిరికితనం అనిపించుకుంటుంది. ఇది నీకు వదిలేస్తున్నా. కానీ నా పట్టు ఒకటే. ఆమె అడగాలి. అడిగేదాకా ఆగాలి.

అన్న: అడిగేదాకా ఆగడం మంచిదే. కానీ కొందరు ఎప్పటికీ అడగరు. మన మగవాళ్లు అసలే అడగరు. మూడో రోజుకే కల్లు కాంపౌండుకో, వైన్‌షాపుకో పోతారు. వాళ్లు అడుగుతారని కూర్చుంటే మనిషి చేజారిపోతాడు. అటువంటివాడి దగ్గరికి నేనే పోతాను, అడగకపోయినా చెబుతాను. అది నా బాధ్యత.

చెల్లె: సరే, ఇంకా కష్టమైన చోటికి వద్దాం. ఆ తల్లి మందిరానికి వస్తుంది. కొడుకు రాలేదు. బాప్తిస్మం తీసుకోలేదు, బోనాలకు పోయేవాడు, మైసమ్మకు మొక్కేవాడు. మన ఊళ్లలో సగం ఇళ్లు ఇట్లాంటివే. ఆమె "యాడున్నడు" అని అడిగితే నువ్వేం చెబుతావు? విశ్వాసి పోయినప్పుడు "ప్రభువు దగ్గరికి చేరాడు" అని మైకులో నిశ్చయంగా చెబుతావు. ఇక్కడికి వచ్చేసరికి ఆ మాట రాదు. మాట రాలేదన్న సంగతి ఆ తల్లికి తెలిసిపోతుంది. పోయిన వారం ఎవరి సమాధి దగ్గరో నువ్వు ధైర్యంగా చెప్పిన మాటే ఈమె కడుపులో కత్తి అవుతుంది. ఒక ఇంటికి ఆదరణ అయిన మాట పక్కింటికి తీర్పు అయితే, ఆ మాటను అంత గట్టిగా పలకొచ్చా?

అన్న: ఇక్కడ నాకు తేలిక జవాబు లేదు, ఉందని నటించను. నేను ఆమెతో చెప్పగలిగింది ఇంతే: తీర్పు నా చేతిలో లేదు తల్లీ, సంఘం చేతిలోనూ లేదు. స్నేహితుడి సమాధి దగ్గర ఏడ్చినవాడి చేతిలో ఉంది. నీ కొడుకును నీకంటే ఎక్కువ ఎరిగినవాడి చేతిలో ఉంది. అంతకుమించి ఒక్క అడుగు వేస్తే అబద్ధమైనా చెప్పాలి, క్రూరత్వమైనా చేయాలి. రెండూ చేయను.

చెల్లె: ఈ మాట బాగుంది. మరి ఇదే మాట విశ్వాసి ఇంట్లోనూ చెప్పవచ్చు కదా? "నీ మనిషి ఆయన చేతిలో ఉన్నాడు" అని రెండు ఇళ్లలోనూ ఒకే మాట. సమాధి దగ్గర చదివే క్రమంలో గొప్పవాడికీ కూలివాడికీ తేడా లేదని ఇందాక గర్వంగా చెప్పావు. మరి విశ్వాసి అయిన కొడుకును పోగొట్టుకున్న తల్లికీ, విశ్వాసి కాని కొడుకును పోగొట్టుకున్న తల్లికీ తేడా ఎందుకు చూపాలి?

అన్న: ఎందుకంటే ఒకరి విషయంలో నాకు ఇచ్చిన వాగ్దానం ఉంది, ఇంకొకరి విషయంలో ఆశ మాత్రమే ఉంది. వాగ్దానాన్ని ఆశ స్థాయికి దించి చెబితే, జీవితమంతా దాన్ని పట్టుకుని బతికి చచ్చిన ముసలమ్మకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఆమె కూతురు నా నోట వినాలని కూర్చున్నది ఆ నిశ్చయమే. దాన్ని మింగేయలేను.

చెల్లె: ఆ ముసలమ్మ కూతురికి నిశ్చయం ఇవ్వు. అయితే ఊరంతటికీ వినపడేట్టు మైకులో వద్దు, ఆమె పక్కన కూర్చుని ఆమెకే ఇవ్వు. ఆ మైకు మోత పక్క వీధిలో ఎవరి గుండె కోస్తుందో నీకు తెలియదు. ఇంటింటికీ తిరిగేదాన్ని, నాకు తెలుసు.

అన్న: మైకు తీసేస్తాను. కానీ సమాధి దగ్గర, తెరిచిన గుంత ముందు, వచ్చినవాళ్లందరూ వినేలా గొంతెత్తి చెప్పడం మాత్రం మానను. ఆ గుంత ఊరందరి ముందూ తెరిచి ఉంది. దానికి జవాబు ఒక్కరి చెవిలో గుసగుసగా చెబితే సరిపోదు.

చెల్లె: ఆ గుంత చుట్టూ నిలబడ్డవాళ్లలో ఆ రెండో తల్లి కూడా ఉంటుందన్నా. నువ్వు గొంతెత్తిన ప్రతిసారీ ఆమె వింటుంది. ఆమెను చూస్తూ కూడా పలకగలిగిన మాటనే పలుకు. పలకలేనిది ఉంటే, ఎందుకు పలకలేకపోతున్నావో మందిరంలో మనమంతా కూర్చుని తేల్చుకోవాల్సిందే.